కట్టెల గూటికి ధర ఎంత చెప్పాలి?

ప్రశ్న: అయ్యా, మాది కావలి దగ్గర ఒక పల్లె. పన్నెండేళ్లుగా వడ్రంగం చేస్తున్నాను. తలుపులు, కిటికీలు రెడీమేడ్‌గా దొరుకుతుండడంతో పని తగ్గింది. పోయిన ఏడు ఒక తోట ఇంటివారు అడిగితే వేప చెక్కతో కట్టెలు పేర్చుకునే గూడు చేసి ఇచ్చాను. 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, ముందు 5 అడుగులు, వెనక నాలుగున్నర అడుగుల ఎత్తు, పైన చెక్క కప్పు. అది చూసి వానల ముందు ఇంకో ఆరుగురు చేయించుకున్నారు. ఒక్కొక్కటి 6,500కి ఇచ్చాను. చెక్క ఘనపుటడుగు 900 పడింది. తోడుగా ఉన్న కుర్రాడికి రోజుకు 600 ఇస్తాను. నేను బయట పనికి పోతే 900 వస్తుంది. ఒక్కో గూటికి ఇద్దరికీ రెండు రోజులు పట్టింది. డబ్బు మాత్రం చేతిలో నిలవలేదు. ధర పెంచుదామంటే, 7,000కి ఇనుప స్టాండే వస్తుంది కదా అంటున్నారు. ఒకాయన గూడు వేసవిలో వదులైపోయిందని పిలిచాడు. జనవరిలో రెండు చేసి పెడితే ఇంతవరకు కదల్లేదు. ఇప్పుడు చెన్నైలో మొక్కల నర్సరీ నడిపే ఆయన 7,000 చొప్పున పది కావాలంటున్నాడు. ఒప్పుకోమంటారా?

సమాధానం: నమస్కారం. ముందు సూటిగా చెబుతాను, 7,000కి ఒప్పుకోవద్దు. ఎందుకు వద్దో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. ఆ లెక్కలోనే ఎంతకు ఒప్పుకోవచ్చో కూడా ఉంది. మీ ఉత్తరంలో కొలతలు, కూలి, చెక్క ధర అన్నీ రాసినందువల్ల నేను గాలిలో మాట్లాడవలసిన అవసరం లేకుండా పోయింది.

చెక్కతో మొదలుపెడదాం. నాలుగు కాళ్లు, అడుగున పైన చుట్టూ తిరిగే అడ్డకర్రలు, అడుగు మధ్యలో ఒక ఆధారం, ఇవన్నీ 3 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందంతో వేసుకుంటే 45 అడుగుల పొడవు అవుతుంది. వెడల్పును మందంతో, ఆ వచ్చినదాన్ని అడుగుల పొడవుతో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయన్నది కలప అడితికి వెళ్లే మీకు కొత్త కాదు. ఆ లెక్కన ఇవి 1.875. అడుగున, వెనక, రెండు పక్కల కొట్టే పట్టీలు 3 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందంతో 120 అడుగులు పడతాయి, అదీ 1.875 ఘనపుటడుగులే. చూరు కాస్త బయటికి వచ్చేలా 5 అడుగులకు రెండున్నర అడుగుల కప్పు వేస్తే మరో 0.78. మొత్తం నాలుగున్నర. అయితే మీరు కొన్నది నాలుగున్నర అయి ఉండదు. రంపపు పొట్టు, చిత్రిక పట్టినప్పుడు లేచే పొర, ముడి వచ్చి పక్కన పడేసిన ముక్క, చివర మిగిలే జానెడు కర్ర, ఇవన్నీ మీరు డబ్బు పెట్టి కొన్నవే. నూటికి 15 వంతున కలుపుకుంటే దాదాపు 5.25 ఘనపుటడుగులు, 4,725 రూపాయలు. మరలు, బోల్టులు, నూనె, ఉప్పుకాగితం కలిపి 875 వేసుకుందాం. సామాను ఖర్చు 5,600 అయింది.

మీరు 6,500కి అమ్మారు. మిగిలింది 900. అందులోంచి కుర్రాడికి రెండు రోజులకు 1,200 ఇచ్చారు. అంటే ఒక్కో గూటికి మీ రెండు రోజుల పనిని ఊరికే ఇచ్చి, పైన 300 రూపాయలు జేబులోంచి పెట్టారు. ఏడు గూళ్లకు 2,100. డబ్బు చేతిలో నిలవకపోవడానికి కారణం ఇదే తప్ప ఇంటి ఖర్చు కాదు, దుబారా కాదు. తలుపుల పనిలో ఇంటి యజమానే చెక్క తెచ్చి ఇస్తాడు, మీరు కూలి మాట్లాడుకుంటారు. అక్కడ సామాను లెక్క మీది కాదు. ఇక్కడ సామాను మీది, కూలి మీది, అమ్మకం మీది. అలవాటు మాత్రం పాతదే కనుక చెక్కకు ఎంతయిందో చూసి, దాని మీద కాస్త వేసుకుని చెప్పేశారు. ఈ పొరపాటు నేనూ చేశాను. ఒంగోలులో చెక్క సామాను అంగడి నడిపిన మొదటి ఏడాది ఇరవై బెంచీలకు ఒకే మాటగా ధర చెప్పి, వార్నిషు, బండి కిరాయి లెక్కలో రాయడం మరిచిపోయాను. బెంచీలు ఎక్కించి పంపిన సాయంత్రం కాగితం మీద కూడి చూసుకుంటే, ఆ నెల నాకు మిగిలింది బల్ల కింద పోగుపడిన పొట్టు మాత్రమే.

ఇప్పుడు అసలు ఖర్చు. మీ పని రెండు రోజులతో పాటు అడితికి పోయి చెక్క ఎంచి, కోయించి తెచ్చుకోవడానికి, కొన్నవారితో మాట్లాడడానికి కనీసం అరపూట కాదు, అర రోజు వేసుకోండి. రెండున్నర రోజులకు 2,250, కుర్రాడికి 1,200. కరెంటు, రంపం బ్లేడు, పదును, షెడ్డుకు కలిపి 300. సామానుతో కూడితే 9,350. ఒకటి పగిలినా, ఒకటి బాగుచేయవలసి వచ్చినా మీదే భారం కనుక నూటికి 5 కలపండి. 9,820 దగ్గర ఆగుతుంది. దీని మీద నూటికి 20 లాభం వేస్తే 11,800 అవుతుంది. మీ కూలి వేరు, మీ లాభం వేరు. కూలి మీ చేతులకు వచ్చేది. లాభం మీ పెట్టుబడికి, మీరు మోసే నష్టభయానికి వచ్చేది. రెండింటినీ ఒకే చొక్కా జేబులో వేసుకునేవాడు ఒక చెడ్డ నెల వస్తే రెండూ పోగొట్టుకుంటాడు.

11,800 అనగానే మీ ఊళ్లో ముఖాలు ఎలా మారతాయో నేను ఊహించగలను. ఆ ధరకు ఎవరూ కొనరని కాదు, కానీ ఇనుప స్టాండు 7,000 అన్న మాట ఎదురుగా ఉన్నప్పుడు అమ్మడం కష్టం. కాబట్టి కూలి తగ్గించుకోకుండా ఖర్చు తగ్గించే దారి చూడాలి. చెక్కలో మిగిలేది కొద్దిగానే. మీరు పట్టీల మధ్య ఒకటిన్నర అంగుళం వదిలి ఉంటారని అనుకుంటున్నాను. కట్టె ముక్క అడుగున్నర పొడవుంటుంది, సందులోంచి జారిపోదు. వెనక 12 పట్టీలకు బదులు 9, ఒక్కో పక్క 12కు బదులు 9 వేయండి. 24 అడుగుల పట్టీ తగ్గి, తరుగుతో కలిపి దాదాపు 390 రూపాయలు మిగులుతాయి. పైగా గాలి బాగా ఆడుతుంది, గూటి పనే అది కదా. అడుగు పట్టీల జోలికి మాత్రం పోవద్దు. మీ గూటిలో నాలుగడుగుల ఎత్తున సరుగుడు కట్టె పేర్చితే ఇంచుమించు 400 కిలోల బరువు అడుగున కూర్చుంటుంది. అడుగు మధ్య ఆధారం కింద ఒక రాయో, పొట్టి కాలో లేకపోతే రెండేళ్లలో అది ఉయ్యాల తొట్టిలా కిందికి వంగుతుంది.

పెద్ద మిగులు కూలిలో ఉంది, అదీ కూలి రేటులో కాదు, రోజుల్లో. గూళ్లను ఒక్కొక్కటిగా చేయవద్దు. నాలుగేసి చొప్పున చేయండి. ఒక చెక్క ముక్కకు ఆనింపు (పట్టీ చివర ఆనే అడ్డు ముక్క) కొట్టి అచ్చు తయారుచేసుకుంటే ప్రతి పట్టీకి టేపు పట్టి గీత గీయనక్కరలేదు. పదహారు కాళ్లు ఒకసారి, అడ్డకర్రలన్నీ ఒకసారి, పట్టీలన్నీ ఒకసారి కోసి, బెజ్జాలన్నీ ఒకే కూర్చున్న పట్టున వేసుకుంటే, ఎనిమిది రోజుల పని అయిదు రోజుల్లో తెములుతుంది. అడితి ప్రయాణం కూడా నాలుగింటికి ఒకటే. అప్పుడు ఒక్కో గూటికి మీ రోజులు ఒకటిన్నర, కుర్రాడివి ఒకటింబావు. కూలి 3,450 నుంచి 2,100కి దిగుతుంది. సామాను 5,210, కూలి 2,100, షెడ్డు 300, అయిదు శాతంతో కలిపి 7,990. నూటికి 20 వేస్తే 9,600 రూపాయలు. మీరు చెప్పవలసిన ధర ఇది. బండి కిరాయి వేరు.

చిన్న గూళ్లు అడిగేవారు వస్తారు. ఒక మాట జాగ్రత్త. సగం కట్టె పట్టే గూడు సగం ధరకు ఇవ్వవలసిందే అనుకుంటారు. చిన్నదానికీ నాలుగు కాళ్లే, అన్ని మూలలే, అన్ని అతుకులే. చెక్క సగానికి దగ్గర తగ్గుతుంది, పని పావు వంతు కూడా తగ్గదు. దానికి కూడా వేరుగా ఇదే లెక్క కట్టి ధర నిర్ణయించండి.

ఇక ఇనుప స్టాండుతో పోటీ. దాన్ని చెడగొట్టి మాట్లాడవద్దు. ఇనుము గట్టిదే, చెదలు పట్టదు. కానీ 7,000కి వచ్చేది సాధారణంగా ఉత్త చట్రం. దానికి కప్పు ఉండదు, పక్కలు ఉండవు, పైన పట్టా కప్పుకోవాలి. పట్టా కప్పిన కట్టెకు గాలి తగలక లోపల ముగ్గి, బూజు పడుతుంది. ఉప్పుగాలి తగిలే తీరపు ఊళ్లలో తుప్పు సంగతి కొనేవాళ్లకే తెలుసు. మీరు అమ్ముతున్నది చెక్క పెట్టె అని మీరే అనుకుంటే ఇనుప పెట్టెతో పోల్చడం న్యాయమే అవుతుంది. మీరు అమ్ముతున్నది నవంబరులో అంటుకునే కట్టె. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో సగానికి దగ్గర నీరే. ఆ నీరు నూటికి 20 కంటే తగ్గితే గాని మంట సరిగా రాదు, అంతవరకు పొగే. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి వస్తాయి, తుపాన్లూ అప్పుడే. వేసవిలో కొని, గూటిలో ఎండిన కట్టె ఉన్న ఇంటికీ, వాన చినుకు పడ్డాక అడితికి పరుగెత్తే ఇంటికీ ఉన్న తేడా వంట చేసేవారికి చెప్పనక్కరలేదు. గూడు అప్పగించేటప్పుడు వెనక పక్క ఈశాన్యానికి వచ్చేలా మీరే నిలబెట్టి రండి. ఈ చిన్న పని ఇనుప స్టాండు కొన్నవాళ్లకు ఎవరూ చేయరు.

ఇంకొకటి ఉంది, పల్లెల్లో ఆడవాళ్లు ముందు అడిగేది అదే. నేల మీద పోసిన కట్టెల్లో చెయ్యి పెట్టాలంటే తేలో పామో ఉంటుందని భయం. గూటి అడుగు నేలకు ఆరంగుళాలు పైన ఉండాలి. చీపురు లోపలికి పోయి అవతలి పక్క చెత్తతో సహా బయటికి రావాలి. కొనేవారి ఎదుట మీరే ఒకసారి అలా ఊడ్చి చూపించండి. కాళ్ల అడుగున జానెడు మేర తారు పూసి, కింద చీమకుర్తి నల్లరాతి ముక్కలు పెట్టండి. ఒంగోలు, చీమకుర్తి చుట్టుపక్కల పాలిష్ యూనిట్ల దగ్గర అంచు ముక్కలు పక్కన పడేసి ఉంటాయి. కాలు తడి నేలకు తగలదు, చెద ఎక్కాలన్నా రాతి మీద మట్టి గీత కనిపించిపోతుంది. వాడేసిన ఇంజను నూనె మాత్రం పూయవద్దు. ఆ వాసన కట్టెకు పట్టి వంటింటి దాకా వస్తుంది.

వదులైన గూటి విషయం. అది మీ పనితనం లోపం కాదు, చెక్క పచ్చిగా ఉండడం. కోయించి తెచ్చిన వారంలోనే బిగించిన వేప, రోహిణి కార్తె ఎండకు కుదించుకుపోతుంది, అతుకు సందు ఇస్తుంది. ఆ ఇంటికి వెళ్లి డబ్బు తీసుకోకుండా బిగించి రండి. మనం కలిపిన అయిదు శాతం ఇందుకే. ఇకమీద చెక్కను ముందే కోయించి, నీడలో పట్టీకి పట్టీకి మధ్య పుల్లలు పెట్టి పేర్చి, కొన్ని నెలలైనా ఆరనివ్వండి. దీనికి కొంత సొమ్ము ముందుగా చెక్కలో ఇరుక్కుపోతుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల సాయం, పూచీ అక్కరలేకుండా మొదటి విడత లక్ష, తర్వాత 2 లక్షల వరకు 5 శాతం వడ్డీకి అప్పు అందులో ఉన్నాయి. మీరు ఇప్పటివరకు నమోదు కాకపోతే వెళ్లి విచారించండి. ఆ అప్పు కొత్త మిషను కోసం కాకుండా ఆరబెట్టే చెక్క కోసం వాడుకుంటే మీకు ఎక్కువ ఉపయోగం.

జనవరిలో చేసినవి కదలకపోవడంలో వింత లేదు. వానలు వెళ్లిపోయాక గొడుగు కొనేవాడెవడు? మీకు అమ్మకాల కాలం జూలై చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకే. మిగతా నెలలు చెక్క ఆరబెట్టడానికి, అచ్చులు కట్టుకోవడానికి, వేరే పనికి. పండుగ ముందు దుకాణాల్లో కనిపించే 'తగ్గింపు' మోజులో పడి ఆ రెండింటిని అయినకాడికి ఇచ్చేయవద్దు. 9,600లో నూటికి 10 తగ్గిస్తే పోయేది 960. మీ లాభం 1,610. తగ్గించింది పదో వంతే, పోయింది లాభంలో సగానికి పైనే.

ఇక ఎక్కడ అమ్మాలన్న సంగతి. నేనైతే మొదట కట్టెల అడితికి వెళ్తాను. కట్టె కొనేవారందరూ వచ్చే చోటు అదొక్కటే. మీ రెండు గూళ్లలో ఒకటి అక్కడ పెట్టించి, నిండుగా కట్టె పేర్చి, ధర రాసిన అట్ట కట్టండి. అమ్మిన ప్రతి గూటికి 500 అడితి యజమానికి ఇస్తానని చెప్పండి. ఖాళీ గూడు ఎవరికీ ఏమీ చెప్పదు. ఫోనులో పెట్టే ఫోటో కూడా కట్టె నిండి ఉన్నప్పుడు, వీలైతే వాన వెలిసిన ఉదయం, నేల తడిగా ఉండి లోపలి కట్టె పొడిగా కనిపిస్తుండగా తీయండి. రెండోది కట్టెల పొయ్యి మీద వండే హోటళ్లు, మెస్సులు. నెల్లూరు చేపల పులుసు కట్టెల పొయ్యి మీద కుండలో వండితేనే రుచి అని బోర్డు రాసుకునేవారికి ఆ కట్టె గుమ్మం ముందు అందంగా కనిపించడం కూడా వ్యాపారమే. పెళ్లి వంటల మేస్త్రీలు, మైపాడు తీరం వైపు అతిథి గృహాలు నడిపేవారు తర్వాత. ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది, మన జిల్లా చెక్కపని అంటే బయటివారికి అదే గుర్తొస్తుంది. అలాగని ఆ పేరు మీ గూటికి తగిలించవద్దు, ఆ గుర్తింపు ఆ గరిటెలకే. మీ ఊరి పేరు కాలి మీద చెక్కండి, చాలు.

ఊళ్లో చుట్టాలు, స్నేహితులు అడిగినప్పుడు ధర నోటితో కాకుండా కాగితం మీద చూపించండి. సగం సొమ్ము ముందుగా, సగం అప్పగించినప్పుడు. కిరాణా కొట్లో 'అప్పు రేపు' అన్న బోర్డు చూసి ఎవరూ కోపం తెచ్చుకోరు. అది అందరికీ ఒకటే కనుక. మీ మాటా అందరికీ ఒకటే అయితే మీ మీదా తెచ్చుకోరు.

ఇక చెన్నై ఆయన. 7,000కి ఇస్తే, నాలుగేసి చేసి ఖర్చు తగ్గించుకున్న తర్వాత కూడా ఒక్కో గూటికి 990, పదింటికి 9,900 నష్టం. పది ఒకేసారి తీసుకుంటున్నాడు, వెతుక్కునే పని లేదు కనుక 8,800 చెప్పండి. మీకు 8,100 లాభం ఉంటుంది. అంతకంటే కిందికి దిగవద్దు. సగం ముందు, మిగతాది ఎక్కించే రోజు, బండి ఆయనది. గూళ్లను మరలతో శాశ్వతంగా బిగించకుండా వెనక, పక్కలు, అడుగు, కప్పు వేరువేరు పలకలుగా చేసి బోల్టులతో కలిపేలా తయారుచేయండి. నిలబెట్టి ఎక్కిస్తే చిన్న టాటా ఏస్‌లో రెండో మూడో పడతాయి. విప్పి పేర్చితే పదీ ఒకే బండిలో పోతాయి, కిరాయి మిగిలేది ఆయనకే కనుక 8,800 మాట ఆయనకు అంత బరువుగా తోచదు. ఒక కాగితం మీద బిగించే వరుస గీసి, అరవంలో రాయించి పంపండి. సరుకు మాత్రమే అమ్మేవారికి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా జీఎస్టీ నమోదు అక్కరలేదు గాని, రాష్ట్రం దాటించి అమ్మితే ఆ వెసులుబాటు పనిచేయదు. చేతిపని వస్తువులు కొన్నింటికి మినహాయింపు ఉంది, మీ గూడు అందులోకి వస్తుందో లేదో అడ్వాన్సు తీసుకోకముందే ఒక ఆడిటరును అడగండి. వేప కొన్న అడితి బిల్లు బండితో పాటు పంపండి.

పది గూళ్లకు మీ ఇద్దరికీ పన్నెండు, పదమూడు రోజులు పడుతుంది. ఆయన ఆగస్టు మొదటి వారంలోపు అడ్వాన్సు పంపితే నెలాఖరుకు ఎక్కించి, సెప్టెంబరు మొత్తం మన ఊళ్లవారి పనికి మిగుల్చుకోవచ్చు. సెప్టెంబరు నడిమికి తేల్చేటట్టయితే జనవరి తర్వాత ఇస్తానని చెప్పండి. ఆ నెలలో 9,600 ఇచ్చేవారు మీ గుమ్మం ముందే ఉంటారు.